వద్దన్నందుకే థాంక్స్, సార్

మన బడి పూర్వ విద్యార్థుల ఈ సంచికలో లెక్కల సార్ల గురించి, తెలుగు పండితుల గురించి రాసేవాళ్లు చాలామందే ఉంటారు. ఆటలు నేర్పే పీఈటీ సార్ల గురించి ఎవరూ రాయరేమోనని నేను రాస్తున్నాను. నాది 1997 పదో తరగతి బ్యాచ్. మా రోజుల్లో డ్రిల్లు పీరియడంటే మగపిల్లలకు వాలీబాల్, ఆడపిల్లలకు వేపచెట్టు కింద ముచ్చట్లు. సిలబస్ మిగిలిపోతే ఆ పీరియడ్ కూడా సోషల్ సారు తీసేసుకునేవారు. కాబట్టి ఇది నాకు పాఠం చెప్పిన సారు గురించి కాదు. నా తర్వాత చాలా ఏళ్లకు మన బడికి వచ్చి, నా బిడ్డకు హైజంప్ నేర్పిన సారు గురించి. పేరు రాయొద్దని ఆయనే అన్నారు. ఈమధ్య చదివిన పిల్లలకు పేరు చెప్పనక్కర్లేదు లెండి.

బస్టాండు రోడ్డులో నాకు టైలరింగ్ షాపు ఉంది. సారు మొదటిసారి వచ్చి ఎలాస్టిక్ అడిగారు, లంగాలకు వేసే సన్నది. ఇంట్లో ఎవరికో అనుకున్నాను. హైజంప్ బార్‌కు బదులుగా కట్టడానికట. అసలు బార్ నాలుగు మీటర్ల పొడవుంటుంది. అది ఒక్కసారి వీపుకో మడమకో గట్టిగా తగిలిందంటే కొత్త పిల్లలకు భయం పట్టుకుంటుంది. ఎలాస్టిక్ అయితే సాగి ఊరుకుంటుంది. కనబడటానికి మధ్యలో ఎర్ర గుడ్డపేలిక ఒకటి కట్టారు, అదీ నా షాపులో కత్తిరించగా మిగిలిన ముక్కే. ఎత్తు కొలవడానికి నా టేపే పట్టుకెళ్లేవారు. బట్టల టేపు 150 సెంటీమీటర్లకు అయిపోతుంది. అప్పట్లో మన గ్రౌండులో అంతకు మించి అవసరం పడలేదు.

మా అమ్మాయి కరోనా సెలవుల్లో టోక్యో ఒలింపిక్స్ చూసింది. ఖతార్ ఆటగాడు బర్షిమ్, ఇటలీ ఆటగాడు తంబేరి 2.37 మీటర్ల దగ్గర సమానంగా నిలిచి బంగారాన్ని పంచుకున్నారే, ఆ పోటీ. ఆ రోజు నుంచి మా ఇంట్లో పరుపులకు శాంతి లేదు. 2021 సెప్టెంబరులో బడి తెరవగానే సారు దగ్గరికెళ్లి, వెల్లకిలా దూకే ఆ ఫ్లాప్ నేర్పమని అడిగింది. అప్పుడది ఎనిమిదో తరగతి. సారు వద్దన్నారు.

అప్పటికి బడిలో ఉన్నది ఇసుక గుంత ఒక్కటే. ఫ్లాప్‌లో దిగేది కాళ్ల మీద కాదు, భుజాల మీద, వీపు మీద. ఇసుకలో అలా పడితే మెడ పోతుంది. ఈ ముక్క చెప్పడానికి సారు 1968 దాకా వెళ్లారు. ఆ ఏడాది మెక్సికో ఒలింపిక్స్‌లో అమెరికా కుర్రాడు డిక్ ఫాస్‌బరీ వెల్లకిలా 2.24 మీటర్లు దాటి బంగారం గెలిచాడు. అతనికి ఆ ధైర్యం ఎక్కడిదంటే, అప్పటికి ఇసుక, రంపపు పొట్టు పోయి మెత్తటి ఫోమ్ పరుపులొచ్చాయి. అంతకుముందు 1963లో రష్యా ఆటగాడు బ్రుమెల్ 2.28 దూకింది కూడా బార్ మీద బోర్లా దొర్లుతూనే. "ముందు పరుపు పుట్టింది, తర్వాతే ఫ్లాప్ పుట్టింది. మనకు పరుపు రానీ బిడ్డా," అన్నారు.

పరుపు వచ్చేదాకా ఏడాది పాటు సిజర్స్. ఒక కాలు తర్వాత ఒక కాలు బార్ దాటించి, ఇసుకలో నిలువుగా దిగడం. మిగతా టైమంతా పరుగే. సున్నప్పొడితో నేల మీద ఇంగ్లీషు 'జె' అక్షరంలా గీత గీసేవారు. మా అమ్మాయి ఎడమ కాలితో లేస్తుంది, అందుకని కుడివైపు నుంచి పరుగు. మొదట నేరుగా, చివరి ఐదడుగులు వంపులో. ఆ వంపులో ఒళ్లు లోపలికి వాలాలి, పాదం నొక్కేవేళకు నిటారుగా కావాలి. అప్పుడే పరుగులో ఉన్న జోరు పైకి తిరుగుతుందట. షాపు కట్టేసి నేను వెళ్లి చూసేసరికి ఇది బార్ లేకుండానే పరిగెత్తి, గాల్లోకి లేచి, నిలబడుతూ ఉండేది. దూకేదెప్పుడు సార్ అని నేనే అడిగాను. "తొందరేముందమ్మా, అడుగు కుదరనీ," అన్నారు. అడుగు చెప్పు పొడవంత తేడా వచ్చినా గీత దగ్గరికి మళ్లీ పంపించేవారు. కొలత తప్పిన జాకెట్టును కుట్టు విప్పి మళ్లీ కుట్టించే పాత టైలర్లలాగా.

2022 వేసవిలో మన పూర్వ విద్యార్థులు కొందరు చందాలేసుకుని ఆ పరుపు, అంటే ల్యాండింగ్ మ్యాట్, కొనిచ్చారు. అంతర్జాతీయ పోటీల్లో అది కనీసం ఆరు మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు, 70 సెంటీమీటర్ల మందం ఉండాలి. మనది అంతకంటే చిన్నదే, అయినా ఫోమ్ మంచిది. ఆ రోజు పిల్లలందరినీ ఆపి, ముందు సారే దానికి వీపు పెట్టి నిలబడి, మెడలో విజిల్‌తో సహా వెనక్కి పడ్డారు. యాభై దాటిన మనిషి, కాళ్లు పైకి లేచి. పిల్లలు పడీ పడీ నవ్వారు. లేచి, జేబులోంచి జారిన కళ్లజోడు వెతుక్కుని, ఇంకో మూల కూడా పడి చూశారు. నాలుగు మూలలూ అయ్యాక గానీ పిల్లల్ని ఎక్కనివ్వలేదు. నా బిడ్డ మెడకు ఆ మనిషి ఇచ్చిన విలువ నాకు ఆ రోజే అర్థమైంది.

ఆయన వద్దన్నవి ఇంకా ఉన్నాయి. సాయంత్రం ప్రాక్టీసుకు ఒక్క ఆడపిల్లే వస్తే, ఆ రోజు ప్రాక్టీసు లేదు. ఇద్దరైనా ఉండాలి, లేదా వాళ్లింటి నుంచి ఎవరో ఒక ఆడమనిషి గట్టు మీద కూర్చోవాలి. ఆడపిల్ల తల్లులు పైకి అడగలేని మాట ఇది. నెలసరి రోజుల్లో కారణం చెప్పనక్కర్లేదు, ఈ రోజు రాను సార్ అంటే చాలు. నిక్కర్ల మీద ఊళ్లో గుసగుసలొచ్చినప్పుడు ఆయన ఉపన్యాసం ఇవ్వలేదు. మోకాలు మడతపడటానికి అడ్డు రాకుండా ట్రాక్ ప్యాంటు కుట్టగలరా అమ్మా అని నన్ను అడిగారు. కుట్టాను. ఆ మోడల్ ఇప్పుడు చుట్టుపక్కల మూడు బడుల పిల్లలు వేసుకుంటున్నారు.

తొమ్మిదో తరగతికి వచ్చేసరికి అమ్మాయి స్కూల్ గేమ్స్‌లో అండర్-14 వయసు దాటి అండర్-17లోకి వెళ్లింది. ఆధార్‌లో ఒక ఏడాది తగ్గించుకుంటే మెడల్ ఖాయమని సలహా ఇచ్చినవాళ్లున్నారు. అలా చేసేవాళ్లూ ఉన్నారు. పెద్ద పోటీల్లో మణికట్టు ఎక్స్‌రే తీసి వయసు తేలుస్తున్నది అందుకే. సారు ఒక్కటే మాటన్నారు: "అండర్-17లో ఓడిపోతే ఓడిపోనీ అమ్మా." నిజంగానే ఆ ఏడాది ఎవరికీ కనబడకుండా ఓడిపోయి వచ్చింది.

పదో తరగతిలో జిల్లా పోటీలు. కొద్దిరోజుల ముందే హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మన తెలంగాణ అమ్మాయి నందిని అగసార హెప్టాథ్లాన్ కాంస్యం తెచ్చింది. ఆ ఏడు ఈవెంట్లలో హైజంప్ ఒకటి కాబట్టి మావాళ్లంతా ఊపు మీదున్నారు. మా అమ్మాయీ, పక్క మండలం అమ్మాయీ ఇద్దరూ 1.42 దాటారు, 1.45 దగ్గర ఇద్దరికీ మూడుసార్లూ బార్ పడింది. రాష్ట్రానికి వెళ్లేది ఆ అమ్మాయి అన్నారు. నాకు టెన్షన్, కోపం రెండూ. సారు స్కోరు షీటు చూపించి, వేలు పెట్టి చదివించారు. సున్నా అంటే దాటినట్టు, ఇంటూ అంటే పడినట్టు, అడ్డగీత అంటే ఆ ఎత్తు వదిలేసినట్టు. 1.42 వరసలో ఆ అమ్మాయికి సున్నా ఒక్కటే ఉంది. మా అమ్మాయికి ముందొక ఇంటూ, తర్వాత సున్నా. సమానమైనప్పుడు చివరగా దాటిన ఎత్తు దగ్గర ఎవరికి తప్పులు తక్కువో వాళ్లదే పైచేయి. రూలు రూలే.

అక్కడితో ఆగినా బాగుండేది. ఆ గెలిచిన అమ్మాయి బడిలో పీఈటీ పోస్టు ఖాళీ. పరుగు గుర్తు ఎక్కడ పెట్టుకోవాలో సరిగా తెలియదు, కంటికి తోచినచోటు నుంచి పరిగెత్తుతోంది. సారు మా అమ్మాయి చేతిలో టేపు పెట్టి, ఆ అమ్మాయి అడుగులు కొలిచి రాసివ్వమన్నారు. అది కళ్లు తుడుచుకుంటూనే కొలిచింది. నాకు నచ్చలేదు, ఇప్పటికీ పూర్తిగా నచ్చిందని చెప్పను. తల్లిని కదా. కానీ ఆ ఇద్దరూ ఇప్పటికీ ఫోన్లు చేసుకుంటారు.

మా అమ్మాయి ఇంటర్‌లో అండర్-19 రాష్ట్ర పోటీల దాకా వెళ్లింది. పతకం రాలేదు. బట్టల టేపు మాత్రం చాలడం లేదు. డిగ్రీ అయ్యాక పీఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి, పీఈటీ కావడానికి చదివే బీపీఈడీ చేస్తానంటోంది. అందరూ ఇంజినీరింగ్ అంటుంటే ఇదేంటని మా చుట్టాలు నన్నే అడుగుతున్నారు. సారునడగండి అని తప్పించుకుంటున్నాను.

కమిటీ వాళ్లకు ఒక మాట. ఆ మ్యాట్ కవరు రెండుచోట్ల చిరిగితే రెక్సిన్ తెచ్చి నేనే కుట్టాను, మళ్లీ చిరిగినా కుడతాను. కానీ వానకు లోపలి ఫోమ్ నానిపోతోంది. ఎండాకాలం లోపు పైన రేకుల షెడ్డు పడాలి. స్టేజి, శాలువాల ఖర్చు కాస్త తగ్గించుకుంటే అయిపోయే పని. సారుకు శాలువా కప్పినా మెడలో ఉంచుకోరు, అడిగి చూడండి.