దోర్నాల గేటు, చెంచు తాత

పొద్దున ఆరింటికి గేటు తీసేసరికే కార్లు బారులు తీరాయి. దోర్నాల నుంచి శ్రీశైలం వెళ్లే ఘాట్ రోడ్డు రాత్రి 9 దాటితే మూసేస్తారు. నిన్న ఆలస్యమై లాడ్జిలో పడుకున్నాం. అభిషేకం టైం దాటిపోతుందని అమ్మకు ఒకటే టెన్షన్. "దేవుడి దగ్గరికి వెళ్లడానికి కూడా గేట్లేంటండీ" అని పక్క కారాయన విసుక్కున్నాడు. నాకైతే ఈ గేటు మీద కోపం రాదు. 1983 నుంచి పులుల్ని కాపాడే ప్రాజెక్ట్ టైగర్ కింద ఉన్న నల్లమల అడవి ఇది. పగలంతా మన హారన్లే. ఎలుగులు, చిరుతలు, అలుగులు తిరిగేది చీకట్లో. ఆ కాసేపైనా రోడ్డు వాటికి వదలాలి కదా.

బండి తనిఖీ అయ్యేలోపు అక్కడ కాపలా ఉన్న చెంచు తాతతో మాట కలిపాను.

"పులిని చూశారా తాతా?"

"చూడక్కర్లా తల్లీ. వాసనే చెబుతాది."

పులి చెట్టు మీద మూత్రం చిమ్మి వెళ్లిన చోట బాసుమతి అన్నం వాసన వస్తుందట. అది నిజమే, ఆ బియ్యానికి సువాసన ఇచ్చే పదార్థమే అందులోనూ ఉంటుంది. తర్వాత వంగి, దుమ్ములో వేలితో రెండు అడుగులు గీశాడు. మగదానిది కాస్త చదరంగా, ఆడదానిది కొంచెం పొడుగ్గా. ఎంత చక్కగా గీశాడో!

పులుల్ని చారల్ని బట్టి గుర్తుపట్టి లెక్కేయడానికి, లోపల దారికి అటూ ఇటూ ఎదురెదురుగా కెమెరాలు కడతారు. ఒకే పులికి కుడిపక్క చారలు ఎడమపక్క చారలతో కలవవు, అందుకని రెండువైపులా ఫొటో కావాలి. ఆ కెమెరాల పనికి దారి చూపేదీ, వేసవిలో మంటలార్పేదీ ఎక్కువగా ఇలాంటి చెంచులే. అలాంటివాళ్లకే, పులుల కోసం కేటాయించిన అడవి నడిభాగం, అంటే కోర్ ఏరియా ఖాళీ చేస్తే కుటుంబానికి 15 లక్షలిచ్చే ప్యాకేజీ పెట్టారు. ఇష్టపడితేనే వెళ్లాలన్నది రూలు. ఆ ఇష్టాన్ని ఎవరూ ఒత్తిడి చేసి రాబట్టకూడదని నా గట్టి కోరిక. కట్టడి మన బళ్లకు ఉండాలి, మన ప్లాస్టిక్‌కు ఉండాలి. వాళ్ల తేనెకు, గడ్డలకు కాదు.

దర్శనం లైన్లో ఇదంతా అమ్మకు చెప్పాను. చెంచులు మల్లన్నను తమ ఇంటి అల్లుడంటారని అమ్మకు ముందే తెలుసు. కాసేపు ఏమీ అనలేదు. ఆయనది ఏ గూడెమో, మనవలు బడికి వెళ్తున్నారో లేదో, తిరిగి వచ్చేటప్పుడు కనుక్కుంటానంది.