త్రోఫిము మిలేతులోనే ఉండిపోయాడు

నాకు ఊపిరితిత్తుల టీబీ అని తేలిన రోజు డాక్టరు గారు చాలా మామూలుగా చెప్పారు: "ఆరు నెలలు మందులు వాడాలి. ఒక్క రోజు కూడా మానకూడదు. తగ్గిపోతుంది." ఆ చివరి మాట నా చెవికెక్కనే లేదు. ఇంట్లో ఎవరికి అంటిందో అన్న టెన్షనే తల నిండా. అందరికీ పరీక్షలు చేయించి, ఎవరికీ ఏమీ లేదని తెలిశాక గానీ నా ఒంటి సంగతి నాకు గుర్తు రాలేదు.

మాత్రలు పరగడుపున వేసుకోవాలి. మొదటి రెండు నెలలూ నాలుగు రకాల మందులు. మింగిన కాసేపటికే కడుపులో తిప్పడం మొదలయ్యేది. అందులో రిఫాంపిసిన్ అనే మందు వల్ల మూత్రం నారింజ రంగులో వస్తుంది. నర్సు ముందే చెప్పబట్టి సరిపోయింది గానీ, లేకపోతే రక్తమనుకుని హడలిపోయేదాన్ని. కీళ్లు సలిపేవి. మోకరించడం అన్న మాటే లేదు.

అసలు చిక్కు అక్కడే వచ్చింది. నాకు ప్రార్థన అంటే తెల్లవారుజామున మోకరించడం, బైబిల్లో ఒక అధ్యాయం చదవడం, రాత్రి జపమాల పూర్తిగా చెప్పుకోవడం. చిన్నప్పటి నుంచీ అంతే. ఇప్పుడు "దేవవరప్రసాదముచేత నిండిన" అనేసరికే దగ్గు తెర. మళ్లీ మొదలుపెడితే అదే చోట మళ్లీ దగ్గు. యాభైమూడు మంగళవార్త జపాల మాట దేవుడెరుగు, ఒక పది పూసలు దాటితే గొప్ప. బైబిలు తెరిస్తే అక్షరాలు అలుక్కుపోయేవి. ప్రార్థన మధ్యలోనే నిద్ర పట్టేసేది. మెలకువ వచ్చాక చేతిలో జపమాల చుట్టుకుని ఉండేది, నేనెక్కడ ఆగానో తెలిసేది కాదు. జబ్బులో దేవుడికి దగ్గరవుతారని అంటారు కదా, నాకు మాత్రం ఆయన ఫోన్ ఎత్తడం మానేసినట్టుండేది.

అప్పుడు మా ఫాదర్ గారు ఫ్రాన్సులో మఠ కన్యగా బతికిన పునీతురాలు చిన్న తెరేజమ్మ జీవితం పంపించారు. నిజం చెప్పొద్దూ, ఆ పుస్తకం అట్ట చూడగానే పక్కన పెట్టేశాను. గులాబీలు, చిరునవ్వు, ఆకాశం వైపు కళ్లు. మన పునీతుల చరిత్రల్లో చాలావాటికి ఇదే జబ్బు. పుట్టినప్పటి నుంచీ పుణ్యమే, నొప్పి వచ్చినా నవ్వే. మంచం మీదున్న మనిషికి అలాంటివాళ్లతో ఏం పని? కానీ తోచక ఒకరోజు తెరిచాను. ఆమెకూ టీబీయేనని అప్పుడు తెలిసింది.

1896లో గుడ్ ఫ్రైడేకి ముందు రాత్రి, పడుకోగానే ఆమె నోట్లోకి ఏదో వెచ్చగా పొంగుకొచ్చింది. దీపం అప్పటికే ఆర్పేసింది. అదేమిటో చూడకుండా తెల్లారేదాకా ఆగింది. పొద్దున చూస్తే రుమాలు నిండా రక్తం. 1897 సెప్టెంబరు 30న చనిపోయింది, 24 ఏళ్ల వయసులో. ఆ జబ్బు తెచ్చే క్రిమిని రాబర్ట్ కోక్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1882లోనే కనిపెట్టాడు. దాన్ని చంపే మందు స్ట్రెప్టోమైసిన్ దొరికింది మాత్రం 1943లో. నేను విసుక్కుంటూ మింగుతున్న మాత్రల్లో ఒక్కటి కూడా ఆమెకు అందలేదు. చివరి రోజుల్లో కలం పట్టుకునే ఓపిక లేక తన కథ ఆఖరి పేజీలు పెన్సిలుతో రాసింది.

నన్ను ఆపేసినవి రెండు సంగతులు. ఒకటి, ప్రార్థన వేళ తనకు నిద్ర ముంచుకొచ్చేదని, ఏడేళ్లుగా అదే తంతు అని ఆమె దాచుకోకుండా రాసుకుంది. పిల్లలు మేలుకుని ఉన్నా, నిద్రపోతున్నా తల్లిదండ్రులకు ముద్దే కదా అని ఆమె ధీమా. రెండోది, జబ్బు బయటపడిన ఆ ఈస్టర్ నుంచే ఆమెకు పరలోకం ఉందన్న ఆలోచన కూడా చీకటి కమ్మేసింది. మఠంలో అందరూ ఆమె సంతోషంగా ఉందనుకుంటూంటే, లోపల గోడ అడ్డం పడింది. ఆ స్థితిలో విశ్వాస ప్రమాణాన్ని తన రక్తంతో రాసుకుని గుండెల దగ్గర పెట్టుకుంది. చీకటి తొలగలేదు. అయినా ప్రమాణం చదువుతూనే ఉంది. అట్ట మీది గులాబీల వెనకాల ఉన్న ఈ మనిషిని నాకు ముందే ఎవరూ చూపించలేదే అని కోపం కూడా వచ్చింది.

ఆ రోజు నుంచి జపమాల పూర్తి చేయాలన్న పట్టుదల వదిలేశాను. మాత్ర వేసుకునే టైముకి ఫోన్లో అలారం ఉంది. మాత్ర, ఒక గ్లాసు నీళ్లు, బైబిలు నుంచి ఒక్క వాక్యం. అంతే. వాక్యం కూడా రోజూ కొత్తది కాదు, వారమంతా ఒకటే. ఎక్కువగా కీర్తనల్లోవే. పదమూడో కీర్తన మొదట్లోనే కీర్తనకారుడు "ఎన్నాళ్లు?" అని నాలుగుసార్లు అడుగుతాడు. ఎనభై ఎనిమిదో కీర్తనైతే చీకటిలోనే ముగుస్తుంది, ఆఖర్న స్తుతి కూడా ఉండదు. ఇలాంటి కీర్తన బైబిల్లో ఉందని తెలియగానే ఎంత ప్రాణం లేచొచ్చిందో. దగ్గు మరీ ఎక్కువైన రాత్రుళ్లు సువార్తలోని గుడ్డి బిచ్చగాడు బర్తిమయి అరిచిన అరుపే అరువు తెచ్చుకునేదాన్ని: "యేసూ, నన్ను కరుణించు." ఊపిరి పీల్చుకుంటూ సగం, వదులుతూ సగం. దగ్గు ఎక్కడ అడ్డొచ్చినా ఫర్వాలేదు.

అది కూడా రాని రోజులున్నాయి. అప్పుడు మార్కు సువార్త రెండో అధ్యాయంలోని పక్షవాత రోగి గుర్తొచ్చేవాడు. నలుగురు మోసుకొచ్చి, ఇంటికప్పు విప్పి అతన్ని కిందికి దింపారు. యేసు చూసింది 'వారి' విశ్వాసం. మంచం మీద ఉన్నవాడు ఒక్క మాటైనా మాట్లాడినట్టు లేదు. మా ప్రార్థన బృందం వాళ్లు ప్రతి సాయంత్రం ఫోన్ చేసి నా పేరు చెప్పి ప్రార్థిస్తుంటే, నేను ఊరికే పడుకుని వినేదాన్ని.

ఇంతలో మా బంధువుల్లో ఒక పెద్దావిడ ఫోన్ చేసింది. "నీకు నిజంగా విశ్వాసం ఉంటే ఈపాటికి తగ్గిపోయేదమ్మా. ఆ మాత్రలు పక్కన పెట్టి దేవుడి మీద ఆధారపడు" అంది. మంచి మనసుతోనే అని ఉంటుంది. కానీ ఆ మాట నన్ను కాల్చేసింది. టీబీ మందులు మధ్యలో మానేస్తే ఏమవుతుందో ఆవిడకు తెలియదు. క్రిమి చావకపోగా మందులకు లొంగనిదిగా తయారు కావచ్చు, అప్పుడు ఇంకా గట్టి మందులు, ఇంకా ఎక్కువ కాలం వాడాలి. ఆ వివరాలన్నీ ఆవిడకు చెప్పే ఓపిక నాకు లేదు. "సరే పెద్దమ్మా" అని పెట్టేశాను.

జవాబు నాకు అపొస్తలుడు పౌలు తన శిష్యుడు తిమోతికి రాసిన రెండో ఉత్తరం చివర దొరికింది. మామూలుగా ఎవరూ ఆగి చదవని భాగం అది. త్రోయలో వదిలేసిన అంగీ తెచ్చిపెట్టు, పుస్తకాలు తీసుకురా, చలికాలం రాకముందే వచ్చెయ్యి అంటూ, మధ్యలో ఒక ముక్క: త్రోఫిముకు జబ్బు చేసింది, అతన్ని మిలేతులో వదిలి వచ్చాను. ఈ త్రోఫిము ఎఫెసువాడు. అదే ఎఫెసులో పౌలు ఒంటికి తాకిన చేతిగుడ్డలు తీసుకెళ్లి రోగుల మీద వేస్తే జబ్బులు పోయాయని అపొస్తలుల కార్యాల్లో ఉంది. అంతటి పౌలు, తనతో కలిసి తిరిగిన త్రోఫిమును జబ్బుతోనే వదిలి రావలసి వచ్చింది. విశ్వాసం చాలక తగ్గలేదని మాత్రం రాయలేదు. తిమోతికైతే, నీ కడుపు కోసం కాస్త ద్రాక్షారసం పుచ్చుకో అని మొదటి ఉత్తరంలోనే సలహా ఇచ్చాడు. త్రోఫిము తర్వాత ఏమయ్యాడో ఆ ఉత్తరంలో లేదు. మిలేతులో అతని పక్కన ఎవరున్నారో, మంచినీళ్లు ఎవరు అందించారో అని ఆలోచిస్తూ చాలా రాత్రుళ్లు గడిపాను.

రెండు నెలలు దాటాక కఫంలో క్రిమి లేదన్నారు. ఆకలి తిరిగొచ్చింది, మెట్లెక్కితే ఆయాసం తగ్గింది. ఆరు నెలలూ అయ్యాక తీసిన ఎక్స్‌రేలో చిన్న మచ్చ మిగిలింది. అది ఉండిపోతుందట, భయం లేదన్నారు. గుడికి వెళ్లిన మొదటి ఆదివారం పూజలో పాట సగంలోనే ఊపిరి చాలక ఆపేశాను గానీ, సత్ప్రసాదం తీసుకున్నాక వెనక్కొచ్చి హాయిగా మోకరించాను.

ఒంట్లో బాగయ్యాక ప్రార్థన సులువవుతుందనుకున్నాను. కాలేదు. మాత్రలు అయిపోవడంతో ఆ టైముకి ఉన్న వాక్యం కూడా జారిపోయింది. పని, హడావుడి, మళ్లీ పాత పరుగు. యేసు సభను స్థాపించిన పునీతుడు లొయోలా ఇగ్నేషియస్ గురించి చదివింది అప్పుడు పనికొచ్చింది. 1521లో స్పెయిన్‌లోని పంపలోనా కోట దగ్గర ఫిరంగి గుండు తగిలి కాలు విరిగిన సైనికుడాయన. మంచం మీద వీరుల కథలు అడిగితే ఆ ఇంట్లో అవి లేవు, క్రీస్తు చరిత్రా పునీతుల కథలూ ఇచ్చారు. ఏ ఆలోచన తర్వాత మనసు ఎండిపోతోంది, ఏది సంతోషాన్ని మిగులుస్తోంది అని గమనించడం ఆయన ఆ మంచం మీదే మొదలుపెట్టాడు. నేనూ పడుకునే ముందు కాసేపు అలా రోజంతా వెనక్కి తిరిగి చూసుకుంటాను. ఎవరి మీద విసుక్కున్నాను, ఎప్పుడు మనసు తేలికపడింది, అంతే. పొద్దుటి అలారం తీసేయలేదు. దాని మీద ఇంకా 'మాత్ర' అనే ఉంది.

ఈమధ్య మా బృందంలో ఒకావిడ మూడు వారాలుగా దగ్గు తగ్గట్లేదని ప్రార్థన అడిగింది. అందరం ప్రార్థించాం. మా కతోలిక బైబిల్లోని సీరా జ్ఞానగ్రంథం ముప్ఫై ఎనిమిదో అధ్యాయంలో జబ్బు చేసినప్పుడు ప్రభువును వేడుకో, ఆ తర్వాత వైద్యుడికి చోటివ్వు అని ఉంటుంది. అది చదివి, "అక్కా, రెండు వారాలు దాటిన దగ్గుని ఊరికే వదలకూడదు, రేపే కఫం పరీక్షకి ఇవ్వండి, నేనూ వస్తాను" అన్నాను. మొదట కాస్త నొచ్చుకుంది. మర్నాడు ఇద్దరం వెళ్లాం.