తివాచీని ముందు తిరగేసి చూడండి

గోదావరి డెల్టాలో తివాచీ పాడవడం అడుగునుంచి మొదలవుతుంది. పైన పడ్డ దుమ్ము కంటికి ఆనుతుంది కాబట్టి ఎవరో ఒకరు దులుపుతారు. కిందచేరిన చెమ్మ మాత్రం వాసన వచ్చేదాకా తెలియదు. వానాకాలంలో గాలిలోని తేమ చల్లటి మార్బుల్ మీదా టైల్స్ మీదా చెమటలా పడుతుంది. పాత ఇళ్లలో నేలలోంచి ఊటా తోడవుతుంది. ఇల్లు తడిబట్ట పెట్టిన వెంటనే తివాచీ పరిచేస్తే ఆ నీళ్లు ఎటూ పోలేవు, దారాల్లోనే ఉండిపోయి బూజు పడుతుంది. ఫ్యాను కింద అరగంట ఆరనిచ్చి, అరచెయ్యి నేలకి ఆనించి చూసి, పొడిగా తగిలితేనే పరవండి.

జూన్ నుంచి నవంబరు దాకా వారానికోసారి ఒక మూల ఎత్తి చూడటం అలవాటు చేసుకోండి. అడుగు చల్లగా తగిలినా, ముక్కవాసన వచ్చినా, తివాచీ తీసి నవారు మంచం మీద పూటంతా ఫ్యాను గాలికి ఉంచాలి. ఏసీ ఉన్న గదైతే డ్రై మోడ్‌లో రెండు మూడు గంటలు నడిపినా చెమ్మ బాగా లాగుతుంది.

తిరగేసినప్పుడే అది ఏ రకమో కూడా తెలిసిపోతుంది. పైనున్న డిజైను వెనకా అలాగే, ముడిముడీ కనిపిస్తే అది చేతిముడుల తివాచీ. ఏలూరు ఉన్ని తివాచీలు ఈ జాతివే. వీటిని జాగ్రత్తగా ఉతకవచ్చు, తరాలపాటు వస్తాయి. వెనక గుడ్డ అంటించి ఉంటే లోపల రబ్బరు జిగురు ఉన్నట్టు. ఆ జిగురు కొన్నేళ్లకి పొడిబారి నేల మీద పిండిలా రాలుతుంది, దానికి మందు లేదు. వీటిని నీళ్లలో ముంచకండి, పైపైన తుడిస్తే చాలు. మిషన్ మీద నేసిన సింథటిక్ రకాలకి పురుగు భయం తక్కువ, తొందరగా ఆరతాయి. మన వాతావరణంలో రోజువారీ వాడకానికి అవే సుఖం.

దుమ్ము సంగతి. ముందు తివాచీని బోర్లా వేసి వెనకవైపు అరచేత్తో తట్టాలి. లోపలి ఇసుక నేల మీద రాలుతుంది, అది ఊడ్చేసి అప్పుడు పైవైపు చూసుకోవాలి. ఆ ఇసుకే అసలు శత్రువు, నడిచినప్పుడల్లా దారాల మొదళ్లని కోస్తుంది. వాక్యూమ్ వాడితే తిరిగే బ్రష్ ఆపేసి, నూగు (పైకి లేచి ఉండే మెత్తటి దారాలు) వాలు ఎటుంటే అటే నెమ్మదిగా లాగండి. అంచు కుచ్చుల మీదకి పోనివ్వద్దు. అవి అలంకారం కాదు, పడుగు దారాల, అంటే నేతలో నిలువు దారాల చివళ్లు. తెగితే ముడులు జారడం మొదలవుతుంది. పిట్టగోడ మీద వేసి కర్రతో బాదడం పాత తివాచీకి చేటు. ఎక్కడైనా దారం పైకి లేస్తే లాగకుండా కత్తెరతో సమం చెయ్యండి.

మన ఇళ్లలో పెద్ద మరక పసుపుది. పులుసు ఒలికితే చెంచాతో ఎత్తేసి, తెల్లగుడ్డ చన్నీళ్లలో తడిపి అద్దాలి, రుద్దకూడదు. బట్టల సబ్బు పెట్టారా, క్షారం తగిలి పసుపు ఎర్రబడుతుంది. ఉన్నికీ క్షారం పడదు. అద్దిన తర్వాత చుట్టూ మందపాటి గుడ్డ కప్పి, మరక ఉన్న చోటు మాత్రమే ఎండకి పెట్టండి. పసుపు ఎండకి విరుగుతుంది. కప్పకపోతే తివాచీ రంగూ వెలిసిపోతుంది. ఆవకాయ నూనె పడితే ముందు టాల్కమ్ పౌడర్ మందంగా చల్లి, రాత్రంతా ఉంచి దులిపి, ఆ తర్వాతే నీళ్ల మాట.

ఉతుకుడికి సంక్రాంతి వెళ్లాక శివరాత్రి లోపు మంచి అదను. ముందు నీళ్లు పరీక్షించండి. భీమవరం, నరసాపురం, రాజోలు పక్క చాలా బోర్లలో ఉప్పు ఎక్కువ, కొన్నింట్లో ఇనుమూ ఉంటుంది. తోడినప్పుడు తేటగా ఉండి గాలి తగిలాక ఎర్రబడే నీళ్లు ఉన్నిని పసుపు పట్టిస్తాయి. తెల్ల బకెట్లో రాత్రంతా ఉంచితే సంగతి బయటపడుతుంది. అలాంటివైతే కుళాయి నీళ్లే వాడండి. తడి తెల్లగుడ్డ ప్రతి రంగు మీదా నిమిషంపాటు నొక్కి చూడండి. రంగు అంటుకుంటే ఇంట్లో ఉతక్కండి.

అంటుకోకపోతే, పది లీటర్ల చన్నీళ్లకి ఉన్నిబట్టల లిక్విడ్ నలభై మిల్లీలీటర్లు సరిపోతుంది. వాలున్న డాబా మీద పరిచి, మెత్తటి బ్రష్‌తో నూగు వాలునే తోమి, నురగ పూర్తిగా పోయేదాకా కడగాలి. లిక్విడ్ మిగిలిపోతే జిడ్డుగా ఉండి మళ్లీ దుమ్ము పట్టేస్తుంది. తర్వాత వైపర్‌తో నీళ్లు గట్టిగా నెట్టెయ్యాలి. ఇక్కడ బద్ధకిస్తే ఆరడం రెండో రోజుకి పోతుంది, అడుగు నూలు కుళ్లువాసన పడుతుంది. పొద్దున్న ఏడింటికల్లా మొదలుపెట్టి, గాలి ఆడే నీడలో నవారు మంచం మీద ఆరేసి, మధ్యాహ్నం తిరగెయ్యండి. సాయంత్రం మంచు పడకముందే లోపలికి తెచ్చి ఫ్యాను వెయ్యాలి. తీగ మీద వేలాడదీస్తే తడిబరువుకి ఆకారం సాగిపోతుంది.

సోఫా కింద, చీకట్లో, కదపని చోట ఉన్ని తినే పురుగు పెడుతుంది. నూగు బోడిగా, పక్కన బియ్యపుగింజంత గూళ్లు కనిపిస్తే అదే. ఆరు నెలలకోసారి తివాచీని అటుదిటు తిప్పి వేస్తే అరుగుదలా సమంగా ఉంటుంది, పురుగుకీ నిలకడ దొరకదు. దాచేటప్పుడు మడత పెట్టకుండా నాలుగంగుళాల పీవీసీ పైపుకి పాత పంచె చుట్టి, దానిమీద తివాచీ చుట్టి, పైన మళ్లీ నూలుగుడ్డ కప్పండి. ప్లాస్టిక్ కవరు వద్దు, చెమ్మని బంధిస్తుంది.

లంక గ్రామాల వాళ్లు ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకి చేరి మొదటి వరద హెచ్చరిక రాగానే తివాచీ అటకెక్కించడం మేలు. రెండో హెచ్చరిక వచ్చే 13.75 అడుగుల దాకా ఆగితే ఇంట్లో వేరే పనులు మీద పడతాయి. ఒండ్రు పట్టినదాన్ని ఎండబెట్టి దులపొద్దు, ఆరిన ఒండ్రు మొదళ్లలో గట్టిపడిపోతుంది. తడిమీదుండగానే మంచినీళ్లు ధారగా వదిలి, అడుగునుంచి తేటనీళ్లు వచ్చేదాకా కడిగి, వీలైతే రెండు రోజుల్లోపే పూర్తిగా ఆరబెట్టండి. మురుగునీళ్లు కలిసిన జిగురు తివాచీని మాత్రం ఉంచుకోకండి. పసిపిల్లలు పాకే ఇంట్లో అసలే వద్దు.