బీరువాలో దొరికిన క్రోధి
అమ్మ బీరువా సర్దుతూ ఇందాక ఫొటో పంపింది. పట్టుచీరల మడతల్లో, నాన్న షష్టిపూర్తికి నేను చేసిన కార్డు.

నాన్న పుట్టింది 1964లో, క్రోధి నామ సంవత్సరం. అరవై ఏళ్ల చక్రం తిరిగి 2024లో మళ్లీ క్రోధి వచ్చింది. అందుకే డ్రాయింగ్ షీటు మధ్యకు మడిచి, ఎడమవైపు ఒక క్రోధి, కుడివైపు ఒక క్రోధి పెద్దగా రాశాను. చుట్టూ మిగతా 59 పేర్లు, ప్రభవ నుంచి అక్షయ దాకా. మూడు రాత్రులు పట్టింది. ‘దుర్ముఖి’ దగ్గర స్కెచ్ పెన్ను సిరా అలుక్కుపోతే ఇంకో షీటు తీసుకుని మొదటి నుంచీ రాశాను. పైన మా పెళ్లి శుభలేఖ మీది వినాయకుణ్ణి కత్తిరించి అతికించాను.

ఆ రోజు పీటల మీద నుంచి లేవగానే నాన్న కళ్లజోడు అడిగారు. ఒక్కో పేరు మీద వేలు పెట్టి చదివారు. ‘‘ప్రభవలో మా పెళ్లి. శుక్లలో అక్క. ప్రజోత్పత్తిలో నువ్వమ్మా.’’

‘ధాత’ దగ్గర వేలు ఆగింది. తాతయ్య పోయిన ఏడు. చాలాసేపు అక్కడే ఉంచారు.