శనివారం, ఉప్పు, డాన్ పెటిట్

ఈరోజు రెండో శనివారం, ల్యాబ్‌కి సెలవు. మిగతా రోజుల్లో నా ఉద్యోగం ఏమిటంటే, ఎవరో రాసిపెట్టిన పద్ధతిలో, ఎవరికో కావాల్సిన రిపోర్టు కోసం మందుల శాంపిళ్లు పరీక్షించడం. కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ అని పేరే గానీ, నాకంటూ ఒక డౌటు వచ్చి దాని సంగతి తేల్చుకుందామని బీకరు పట్టుకున్నది చదువుకునే రోజుల్లోనే. అందుకేనేమో, నాసా వ్యోమగామి డాన్ పెటిట్ అంటే నాకు ఇష్టంతో పాటు కాస్త కుళ్లు కూడా.

బట్టలు ఆరేసి వచ్చి, చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ ఫోన్లో ఆయన పాత వీడియోలు పెట్టుకున్నాను. అత్తయ్య కూడా వచ్చి పక్కన కూర్చున్నారు. "సునీతా విలియమ్స్ ఉన్న చోటేనా ఇది?" అన్నారు. అదే. ఆవిడ ఎప్పుడు దిగుతుందా అని టీవీ ముందు మేమంతా టెన్షన్ పడిన నెలల్లో ఈయనా ఆ స్పేస్ స్టేషన్‌లోనే ఉన్నాడు. మా ఇంట్లో ఆ సంగతి నాకు తప్ప ఎవరికీ పట్టలేదు.

పెటిట్‌ది అమెరికాలో ఆరెగాన్ రాష్ట్రం, సిల్వర్టన్ అనే చిన్న ఊరు. కెమికల్ ఇంజనీరింగ్ చదివి, 1983లో అరిజోనా యూనివర్సిటీలో డాక్టరేట్ తీసుకున్నాడు. 1984 నుంచి 1996 దాకా లాస్ అలమోస్ ల్యాబ్‌లో సైంటిస్టు. అగ్నిపర్వతాల పగుళ్లలోంచి వచ్చే గ్యాసుల్ని పట్టి పరీక్షించడం అక్కడ ఆయన చేసిన పనుల్లో ఒకటట. కాసేపు బరువు తెలియకుండా చేసే నాసా విమానం ఎక్కి ద్రవాలు ఎలా పారతాయో చూడటం ఇంకొకటి. వ్యోమగామి అవుదామని అప్లికేషన్ పెట్టడం, వాళ్లు కాదనడం కూడా ఈ మధ్యలోనే చాలాసార్లు జరిగింది. చివరికి 1996లో తీసుకునేసరికి ఆయనకి 41 ఏళ్లు.

మొదటి ప్రయాణం 2002 నవంబరులో. అదైనా వేరే ఆయన వెళ్లాల్సింది, ఆరోగ్య కారణాల వల్ల ఆగిపోతే ఈయనకి దక్కింది. మార్చిలో నాసా వాళ్ల స్పేస్ షటిల్ ఎక్కి దిగిపోవాలి. ఈలోగా 2003 ఫిబ్రవరి 1న కొలంబియా అనే షటిల్ కూలిపోయింది. కల్పనా చావ్లాతో సహా ఏడుగురూ పోయారు. అదీ శనివారమే, మనకి రాత్రి భోజనాల వేళ. ఆ దెబ్బకి షటిల్స్ అన్నీ ఆగిపోవడంతో పైనున్న ముగ్గురూ మే దాకా ఉండిపోయి, రష్యా వాళ్ల సోయజ్‌లో దిగారు. ఆ దిగడం కూడా సాఫీగా జరగలేదు. క్యాప్సూల్ దారి మార్చుకుని బాణంలా దూసుకొచ్చింది. దిగాల్సిన చోటికి 460 కిలోమీటర్ల దూరాన, కజకిస్తాన్ మైదానంలో పడింది. వీళ్లు ఎక్కడున్నారో తెలుసుకోవడానికే కిందివాళ్లకి రెండు గంటలు దాటింది.

నాకు నచ్చేది ఈ సాహసాలు కాదు. స్పేస్ స్టేషన్‌లో సైంటిస్టు అన్నా, పని మాత్రం ఇంచుమించు నా ఉద్యోగమే. ప్రయోగాలు కింద ఉన్న ప్రొఫెసర్లవి, టైమ్ టేబుల్ హ్యూస్టన్‌లో ఉన్న నాసా కంట్రోల్ సెంటర్ వాళ్లది. మిగిలిన టైములో రిపేర్లు, టాయిలెట్‌తో సహా. పెటిట్ అవన్నీ చేసి, శనివారం తన సొంత డౌట్లు తీర్చుకునేవాడు.

వాటిలో నాకు బాగా ఇష్టమైనది ఉప్పు. ప్లాస్టిక్ కవర్లో కాస్త పొడి ఉప్పు వేసి, గాలి నింపి, ఊపి వదిలేశాడు. క్షణాల్లో రేణువులన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని ఉండలయ్యాయి. పంచదార, కాఫీ పొడి కూడా అంతే.

"ఉప్పు కవర్లో పోసి ఊపడానికి అంతెత్తుకి వెళ్లాలా అమ్మాయ్? వానాకాలం మన డబ్బాలో గడ్డకట్టదూ?" అన్నారు అత్తయ్య.

మంచి ప్రశ్నే. మన డబ్బాలోది చెమ్మ వల్ల, అక్కడిది రాపిడితో పుట్టిన కరెంటు వల్ల. అది చాలా సన్నటి పట్టు. ఇక్కడైతే అది పట్టేలోపే రేణువులు బరువుకి అడుగున పడిపోతాయి. సూర్యుడి చుట్టూ తిరిగిన దుమ్ము మొదట్లో ఎలా ముద్దకట్టి గ్రహాలు కావడం మొదలైందో చాలాకాలంగా చిక్కుప్రశ్న. సమాధానం ఇలా ఉండొచ్చని పెటిట్, స్టాన్లీ లవ్ అనే ఇంకో వ్యోమగామితో కలిసి సైంటిస్టుల ముందు పెట్టాడు. ఇదంతా చెప్తే అత్తయ్య, "అయితే భూమి కూడా ఉప్పుండే అన్నమాట" అని కాయలు నా వైపు తోసేశారు.

2008లో రెండోసారి వెళ్లినప్పుడు కాఫీ కప్పు చేశాడు. అక్కడ అందరూ సంచీలోంచి స్ట్రాతో పీల్చడమే. ఈయనకి అలా తాగడం నచ్చలేదు. ఒక ప్లాస్టిక్ షీటును మడిచి టేపు వేశాడు. ఒక పక్క ఉగ్గుగిన్నె ముక్కులా సన్నగా నొక్కి ఉంటుంది. ఆ ఇరుకు మూలను పట్టుకుని కాఫీ దానంతటదే పెదవి దాకా పాకుతుంది. కేశనాళికీయత అని ఇంటర్లో బట్టీ పట్టాను, మార్కులూ వచ్చాయి. దాంతో కాఫీ తాగొచ్చని మాత్రం తట్టలేదు. దాని మీద పేటెంట్ కూడా వచ్చింది.

2011 డిసెంబరులో మూడోసారి వెళ్లినప్పుడు జుకినీ అనే దోసకాయలాంటి కూరగాయ మొక్కని కవర్లో పెంచి, ఆ మొక్కే రాసుకుంటున్నట్టు డైరీ రాశాడు. 2012 మే నెలలో స్పేస్ ఎక్స్ కంపెనీ సరుకుల నౌక డ్రాగన్ మొదటిసారి స్టేషన్ దగ్గరికి వస్తే, రోబో చేత్తో దాన్ని పట్టుకున్నదీ ఈయనే. వార్తల్లోకెక్కింది డ్రాగనే. నన్నడిగితే ఆ మొక్క డైరీకే నా ఓటు.

అత్తయ్యకి మాత్రం వయసు దగ్గర పట్టింపు వచ్చింది. 2024 సెప్టెంబరులో వెళ్లి 2025 ఏప్రిల్ 20న దిగాడు, సరిగ్గా ఆయనకి 70 నిండిన రోజున అని చెప్పాను.

"డెబ్బై ఏళ్లా! రిటైర్ చెయ్యరా వాళ్లు?"

"చెయ్యలేదు. దిగాక కడుపులో తిప్పేసి వాంతులయ్యాయని ఆయనే చెప్పాడు."

"పుట్టినరోజు పూట, పాపం" అని, కూరకి తాలింపు పెట్టడానికి లేచారు.