720720 ఒక్కటి పట్టుకుంటే నంబర్ సిస్టమ్ లొంగుతుంది

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల పరీక్ష ఎస్‌ఎస్‌సీ సీజీఎల్ ఫైనల్ లిస్టులో నా రోల్ నంబర్ కనిపించినప్పటి నుంచి అందరూ మ్యాథ్స్ గురించే అడుగుతున్నారు, పోయినసారి రెండో దశ పరీక్ష టైర్ 2లో నన్ను ఆపింది అదేనని మన గ్రూపులో అందరికీ తెలుసు కాబట్టి. రీజనింగ్, ఇంగ్లిష్ అందరూ చదివినట్టే చదివాను, పాత పేపర్లు, మాక్ టెస్టులు, అంతే. చెప్పాల్సింది నంబర్ సిస్టమ్ గురించే.

చెన్నైలో ప్రిపేరయ్యేవాళ్లకి కోట్టూరుపురం అన్నా సెంటినరీ లైబ్రరీ కొత్త కాదు. అక్కడ సొంత పుస్తకాలు చదువుకునే హాల్లో నా పక్కన కూర్చునే నెల్లూరు అన్న, ఒక సంఖ్యని 7 భాగిస్తుందా, 13 భాగిస్తుందా అని తేల్చడానికి నేను 7కి ఒక రూలు, 13కి ఒక రూలు బట్టీ పడుతుంటే నా రఫ్ పేపర్ లాక్కుని 720720 అని రాసి, "ముందు దీన్ని విడగొట్టు తమ్ముడూ, రూల్స్ తర్వాత చూద్దాం" అన్నాడు. అవే మూడంకెలు రెండుసార్లు వచ్చాయంటే అది 720 × 1001. 1001 అంటే 7 × 11 × 13. భాగహారం చేయకుండానే మూడూ దొరికాయి! 720 ఎలాగూ 2⁴ × 3² × 5.

ఇక ఆ ఒక్క లైన్ మీదే ప్రశ్నలన్నీ. ఘాతాలకు ఒక్కొక్కటి కలిపి గుణిస్తే 5 × 3 × 2 × 2 × 2 × 2, మొత్తం 240 కారణాంకాలు. బేసివి మాత్రమే కావాలంటే 2ని వదిలేయాలి, 48. పరిపూర్ణ వర్గాలైనవి ఆరే: 1, 4, 9, 16, 36, 144. ఈ సంఖ్యని పరిపూర్ణ వర్గం చేయాలంటే జత లేని 5, 7, 11, 13ల లబ్ధం 5005తో గుణించాలి. 1 నుంచి 16 వరకు క.సా.గు. కూడా ఇదే.

ఇంతకంటే చిన్న సంఖ్య దేనికీ 240 కారణాంకాలు లేవు. ఇలాంటి సంఖ్యల మీదే రామానుజన్ 1915లో పెద్ద పేపర్ ప్రచురించారు, ఇంగ్లండ్ వెళ్లకముందు ఇదే ఊళ్లో పోర్ట్ ట్రస్ట్‌లో గుమస్తాగా పనిచేసిన మనిషి. ఘాతాలు చూడండి, 4, 2, 1, 1, 1, 1, ఎక్కడా మళ్లీ పెరగవు. 2కీ 3కీ ఘాతాలు తారుమారు చేస్తే కారణాంకాలు అన్నే ఉంటాయి కానీ సంఖ్య పెద్దదైపోతుంది, అందుకే. ఇది పరీక్షలో రాదు, కానీ ఇది అర్థమయ్యాకే నాకు ఈ చాప్టర్ మీద టెన్షన్ పోయింది.

షార్ట్‌కట్ వీడియోలు చూడలేదా అంటున్నారు. పగలు ఉద్యోగం, సాయంత్రం లైబ్రరీ, నాకున్న టైమ్‌లో వంద ట్రిక్కులు గుర్తుపెట్టుకోవడం కుదరదు, రోజుకో సంఖ్యని పూర్తిగా విప్పడం కుదిరింది. ఆ పనికి ఫోన్ పక్కన పెట్టి కూర్చోవాలి, అది మాత్రం మీ తరఫున ఎవరూ చేయరు.

మీరు 510510తో మొదలుపెట్టండి. కారణాంకాలు 128 రావాలి, 64 వచ్చాయంటే 510లో దాక్కున్న 17ని వదిలేసినట్టే.