ఇది ఎప్పటిది పెద్దనాన్నా?

కోవిడ్ రెండో వేవ్ తగ్గాక, 2021 ఆగస్టులో ఒక మధ్యాహ్నం అమ్మ ఫోన్ మోగింది. ఆవిడ ముందు గోంగూర కట్టలు ఉన్నాయి, చేతులు ఖాళీ లేవు, నన్ను పిలిచి స్పీకర్‌లో పెట్టమంది. అవతల ఎవరో కుర్రాడు, చాలా మర్యాదగా, "అండీ, తాడేపల్లిగూడెంలో ఒకావిడకి ఆక్సిజన్ బెడ్ అర్జెంటుగా కావాలని మెసేజ్ చూశాను, ఇంకా కావాలా, దొరికిందా?" అని అడిగాడు. అమ్మ ఒక్క క్షణం నా మొహం చూసి, "ఆ ఒకావిడని నేనే బాబూ. బెడ్ దొరికింది, తగ్గింది, ఇంటికి కూడా వచ్చేశాను. ఇప్పుడు గోంగూర తెంపుకుంటున్నా" అంది. పాపం అతనికి సారీ చెప్పాలో సంతోషపడాలో తెలీక "మంచిదండీ, మంచిదండీ" అని పెట్టేశాడు.

ఆ మెసేజ్ రాసింది నేనే, మే 6 రాత్రి. అమ్మ పేరు, వయసు, ఆక్సిజన్ ఎంత ఉందో, ఊరు, శాంపిల్ ఐడీ, నా నంబరు, నాన్న నంబరు, అమ్మ నంబరు, పైగా టెస్ట్ రిపోర్టు ఫొటో. ఏదీ వదల్లేదనే అనుకున్నాను. అర్జెంట్ అని మూడుసార్లు ఉంది. తారీఖు మాత్రం లేదు. మూడు నెలల తర్వాత చూసినవాళ్ళకి కూడా అది ఇప్పుడే ఎవరో ఏడుస్తూ పంపినట్టు ఉంటుంది, ఎందుకంటే ఫార్వర్డ్ అయిన ప్రతిసారీ దాని కింద పడేది కొత్త టైమే.

అప్పట్నుంచి నాకో పిచ్చి పట్టుకుంది. ఆరోగ్యం గురించి ఎవరు ఏం పంపినా నిజమా అబద్ధమా అన్నది తర్వాత, ముందు "ఇది ఎప్పటిది?" అని అడుగుతాను. మా ఇంటి గ్రూపులో దీనివల్ల నాకు మంచి పేరేం రాలేదు లెండి.

అసలు కథ ఏప్రిల్ 29 సాయంత్రం మొదలైంది. వర్క్ ఫ్రమ్ హోమ్ కాబట్టి నేను ఇంటి దగ్గరే ఉన్నాను. అమ్మకి ఒళ్ళు వెచ్చబడింది. నాన్న అప్పటికే ఒక డోసు వేయించుకున్నారు, అమ్మ మాత్రం ఉగాది అవ్వనీ అంది, ఉగాది అయ్యాక టీకాలు లేవన్నారు. మే 1న శాంపిల్ ఇచ్చాం, రిజల్ట్ 4న వచ్చింది. ఈలోగా తెలిసిన డాక్టర్‌గారికి ఫోన్ చేస్తే, ఆయనకి మాతో మాట్లాడ్డానికి ఉన్నది ఒక్క నిమిషం, మొదటి మాటే "ఎన్నో రోజు?" అన్నారు. నాన్న నాలుగో రోజు అన్నారు, నేను ఆరో రోజు అన్నాను, వెనకనుంచి అమ్మ "అంతకు ముందు రోజే నడుం నొప్పి అన్నానుగా" అంది. ముగ్గురం మూడు మాటలు. డాక్టర్‌గారు విసుక్కోలేదు కానీ, "అమ్మా, ఒక పుస్తకంలో రాసి పెట్టుకుని అప్పుడు చెయ్యండి" అని పెట్టేశారు.

చేతికి అందింది అమ్మ పాల లెక్క పుస్తకం. వెనక పేజీ నుంచి గళ్ళు గీశాను: తారీఖు, టైము, జ్వరం, ఆక్సిజన్, నాడి, ఏం తింది, ఏ మాత్ర వేశాం. "నా పాల లెక్కంతా పాడుచేశావు" అని అమ్మ ఆ జ్వరంలోనే గొణిగింది. పైన పెద్ద అక్షరాలతో "మొదటి రోజు: ఏప్రిల్ 29, గురువారం సాయంత్రం" అని రాశాను, అప్పుడు ఆ ఒక్క లైనుకి అంత విలువ ఉంటుందని నాకు తెలీదు. మొదటి మూడు నాలుగు రీడింగులు చెత్త, ఆ మాట కూడా చెప్పాలి. అమ్మ చేతులు చల్లగా ఉన్నాయి, రక్తంలో ఆక్సిజన్ శాతం చూపించే ఆక్సీమీటర్ ఓసారి 89 చూపించింది, ఇంట్లో ముగ్గురికీ గుండెలు జారిపోయాయి, చెయ్యి రుద్ది వెచ్చబడ్డాక అదే వేలికి పెడితే 96. ఆ తర్వాత ప్రతిసారీ అర నిమిషం ఆగి, అంకె నిలబడ్డాకే రాసేదాన్ని.

మే 6, అంటే ఎనిమిదో రోజు. పొద్దున 95. ఆరు నిమిషాలు ఇంట్లోనే నడిపించి చూడమన్నారు కదా, హాల్లో అటూ ఇటూ మూడు నిమిషాలు నడిచేసరికే 91. ఈసారి డాక్టర్‌గారికి ఫోన్ చేసి పుస్తకం చూసి చదివాను: ఎనిమిదో రోజు, జ్వరం ఆరో రోజు తగ్గి మళ్ళీ వచ్చింది, కూర్చుంటే 95, నడిస్తే 91, నిన్న ఇదే టైముకి నడిచాక కూడా 95. ఇరవై సెకన్లు పట్టిందేమో. "ఆక్సిజన్ ఉన్న చోట చేర్చండి, ఇవ్వాళే" అన్నారు. మొన్న నిమిషం మాట్లాడినా తేలనిది ఇరవై సెకన్లలో తేలింది.

ఇక బెడ్. దేశం మొత్తం మీద రోజుకి నాలుగు లక్షల పైచిలుకు కేసులు వస్తున్న వారం అది. రాష్ట్రంలో ముందురోజు నుంచే మధ్యాహ్నం 12 దాటితే కర్ఫ్యూ. మా దగ్గర ఉన్న సమాచారానికి మాత్రం లోటేం లేదు, ఏలూరు, భీమవరం, రాజమండ్రి ఆసుపత్రుల పేర్లతో మూడు లిస్టులు, నలభై పైగా నంబర్లు, పైన పచ్చ టిక్కు పెట్టి "వెరిఫైడ్" అని. ఒక్కోటీ చేసుకుంటూ పోయాను. కొన్ని మోగవు, కొన్ని మోగీ మోగీ ఆగిపోతాయి. ఒక నంబరు ఎత్తిన పెద్దాయన గొంతు పూర్తిగా పోయి ఉంది. "రెండు బెడ్లున్న మాట నిజమే తల్లీ, అది నిన్న మధ్యాహ్నం సంగతి" అన్నారు.

ఆ మాట దగ్గర కాసేపు కూలబడ్డాను. ఆ లిస్టు అబద్ధం కాదు. ఎవరో పుణ్యాత్ములు కూర్చుని నిజంగానే ఫోన్లు చేసి కనుక్కుని రాసిందే. కానీ పాలకి ఉన్నట్టే దానికీ ఒక పూట ఉంది, పూట దాటితే విరిగిపోతుంది. వెరిఫైడ్ అని రాశారు, ఎన్నింటికి అన్నది రాయలేదు. డల్లాస్‌లో ఉన్న మా తమ్ముడికి ఇదే చెబితే వాడు ఆ మూడు లిస్టులూ ఒక షీట్‌లో పోసి, పక్కన "ఆఖరున ఎప్పుడు ఫోన్ చేశాం, ఎవరు ఎత్తారు, ఏమన్నారు" అని గళ్ళు పెట్టి, నేనిక్కడ, వాడక్కడ, రాత్రంతా చేశాం. ఆ హడావిడిలోనే నేను ఆ తారీఖు లేని మెసేజ్ కూడా వదిలాను. అంటే ఆ రాత్రి ఊళ్ళోవాళ్ళు చేస్తున్న తప్పే, తెలిసి తెలిసి నేనూ చేశాను. చివరికి 104 హెల్ప్‌లైన్‌కి మూడోసారి చేసినప్పుడు ఎత్తిన అమ్మాయి వివరాలు రాసుకుని, తెల్లారి వెనక్కి చేసి ఒక ప్రభుత్వాసుపత్రిలో చోటు చెప్పింది. అమ్మ అయిదు రోజులు ఆక్సిజన్ మీద ఉంది. పుస్తకం కూడా సంచిలో పెట్టి పంపాను, అక్కడ నర్సమ్మగారు ఆ గళ్ళలోనే రెండు రోజులు రాశారట, వాళ్ళ షీటు వాళ్ళకున్నా.

ఆ మెసేజ్‌కి ఇంకో ఫలితం కూడా ఉంది. మర్నాడు మధ్యాహ్నం ఒకాయన ఫోన్ చేసి అమ్మ పేరు, వయసు, శాంపిల్ ఐడీ చదివి, రెమ్‌డెసివిర్ ఇంజెక్షన్ ఉంది, సగం డబ్బు ముందు వెయ్యండి అన్నాడు. వివరాలన్నీ కరెక్టుగా చెబుతున్నాడు కదా, ఆసుపత్రి మనిషే అనుకుని వెయ్యబోయాను కూడా. అవన్నీ నేనే ఊరంతా పంచానని తట్టడానికి కాస్త టైము పట్టింది. ఇళ్ళ ముందు పోస్టర్లు అంటించొద్దని 2020 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు చెబితే అప్పుడు తెగ మెచ్చుకున్నదాన్ని, మా అమ్మ రిపోర్టు మాత్రం నా చేత్తో నేనే ఊరి గోడకి అంటించాను. రిపోర్టు ఫొటో అక్కర్లేదు, ఒక నంబరు చాలు, బెడ్ దొరకగానే "దొరికింది, ఆపేయండి" అని అన్ని గ్రూపుల్లోనూ చెప్పాలి. నేను రెండింట్లో చెప్పాను. అది ఎన్నింట్లో తిరుగుతోందో ఎవరికి తెలుసు?

తర్వాత వంతు పెద్దనాన్నది. మే నెల మధ్యలో ఆయనకి పాజిటివ్. రెండో రోజే గ్రూపులో ఒక ప్రిస్క్రిప్షన్ ఫొటో పెట్టి, "ఇది వాడి మా ఫ్రెండు వారంలో లేచి కూర్చున్నాడు, నేనూ తెప్పించుకున్నాను" అన్నారు. పేరు కనపడకుండా వేలు అడ్డం పెట్టి తీసిన ఫొటో, ఆ వేలి కిందే తారీఖు కూడా పోయింది. అందులో స్టెరాయిడ్ ఉంది. పెద్దనాన్నకి ఇరవై ఏళ్ళ షుగరు. నేను వెంటనే, "ఇది ఎప్పటిది పెద్దనాన్నా? ఆయనకి ఎన్నో రోజున రాశారు?" అని అడిగాను. కనుక్కుంటే ఆ ఫ్రెండుకి తొమ్మిదో రోజున, ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టి ఉండగా రాసిందది. 2020లో బ్రిటన్‌లో జరిగిన పెద్ద పరీక్షలో తేలిందే అది, ఆక్సిజన్ అవసరమైన వాళ్ళ ప్రాణాలు కాపాడే స్టెరాయిడ్ వల్ల, ఆ అవసరం లేనివాళ్ళకి లాభం కనపడలేదు, కీడు జరగొచ్చు కూడా. అదే మందు, అదే జబ్బు, రోజు తేడా. షుగరున్న వాళ్ళు స్టెరాయిడ్లు వాడాక బ్లాక్ ఫంగస్ ఎలా పాకిందో ఆ నెలలోనే చూశాం, మే 20న తెలంగాణ దాన్ని ప్రభుత్వానికి తప్పక తెలపాల్సిన జబ్బుగా నోటిఫై చేసింది, కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి కిటకిటలాడింది. పెద్దనాన్న తన డాక్టర్‌తో మాట్లాడాక ఆ మాత్రలు పక్కన పెట్టారు, నాతో మాటలు కూడా వారం పక్కన పెట్టారు.

ఆయన కోపంలోనూ న్యాయం లేకపోలేదు. పైనుంచి వచ్చే మాటలే రోజుకొకటిగా ఉన్నాయి మరి. కోలుకున్నవాళ్ళ రక్తంలోంచి తీసే ప్లాస్మాకి దాతలు కావాలంటూ ఏడాదిగా అందరం ఫార్వర్డ్ చేస్తూనే ఉన్నాం, మే 17న దాన్ని చికిత్స మార్గదర్శకాల్లోంచి తీసేశారు. పెద్దగా ఉపయోగం లేదని దేశ వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ వాళ్ళ సొంత పరీక్షే 2020లో చెప్పింది, అయినా తీసేయడానికి ఇన్నాళ్ళు పట్టింది. తీసేశాక కూడా దాతల మెసేజ్‌లు ఆగలేదు. కోవిషీల్డ్ రెండో డోసు మొదట నాలుగు నుంచి ఆరు వారాలు అన్నారు, మార్చి 22న ఆరు నుంచి ఎనిమిది అన్నారు, మే 13న పన్నెండు నుంచి పదహారు అన్నారు. నాన్న మూడు కాగితాలూ ముందు పెట్టుకుని, "ఇందులో అబద్ధం ఏదే?" అని అడిగారు. ఏదీ కాదు నాన్నా, ఒక్కోటీ ఒక్కో తారీఖుది అన్నాను. కొత్త సంగతి తెలిసినప్పుడు మాట మార్చడం తప్పని నేననుకోను. (టీకాల కొరత ఉన్నప్పుడే గడువు పెరగడం మీద నాన్న అనుమానం నాన్నది, నా అనుమానం నాది.) కానీ కొత్తది చెప్పినంత గట్టిగా "పాతది కొట్టేశాం" అని చెప్పరు చూశారూ, అక్కడ ఒళ్ళు మండుతుంది. పాతది జనం ఫోన్లలో బతికే ఉంటుంది. కోవిడ్‌కని కృష్ణపట్నంలో ఆనందయ్య ఇచ్చిన నాటు మందు పంపిణీ ఆపేశారన్న మెసేజ్, కంట్లో చుక్కలు తప్ప మిగతావాటికి అనుమతి ఇచ్చారన్న మెసేజ్, రెండూ జూన్‌లో ఒకే పొద్దున మా గ్రూపులోకి వచ్చి పడ్డాయి. మొదటిది మే 21 నాటిది, రెండోది మే 31 నాటిది. రెండూ నిజమే, దాని మీద బాబాయ్, పెద్దనాన్న గంటసేపు కొట్టుకున్నారు.

తెలీనిది తెలీదని చెప్పడం కూడా ఒక సమాచారమే అని నాకు అర్థమైంది మాత్రం అంతకు ముందే, 2020 డిసెంబర్‌లో, ఏలూరులో. మా పిన్నివాళ్ళు అక్కడే ఉంటారు. ఉన్నట్టుండి మనుషులు ఫిట్స్ వచ్చి పడిపోతుంటే, 600 మందికి పైగా ఆసుపత్రి పాలైతే, మొదటి రోజు సాయంత్రానికే మా గ్రూపులో కారణాలు సిద్ధం: నీళ్ళు, బ్లీచింగ్ పౌడర్, దోమల మందు, పాలు. రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షల్లో తేలడానికి కొన్ని రోజులు పట్టింది, అవి ఒంట్లోకి ఎలా వచ్చాయన్నది అప్పటికీ వేరే ప్రశ్నే. ఆ రోజుల్లో పిన్నికి పనికొచ్చిన ఒకే ఒక్క మెసేజ్ వాళ్ళ వీధి ఆరోగ్య కార్యకర్త, ఏఎన్ఎం గారిది. సోమవారం పొద్దున 9 గంటలు అని మొదట్లోనే రాసి, ఇంకా కారణం తెలీలేదు, నీళ్ళు కాచి తాగండి, ఎవరైనా పడిపోతే నోట్లో ఏమీ పెట్టకుండా పక్కకి తిప్పి పడుకోబెట్టి 108కి చెయ్యండి, సాయంత్రం మళ్ళీ చెబుతాను అని. సాయంత్రం మళ్ళీ చెప్పారు కూడా, "కొత్త సంగతి ఏం లేదు" అని. ఆ రెండో మెసేజ్ చూశాకే పిన్నికి ధైర్యం వచ్చిందట.

పాల పుస్తకం ఇప్పటికీ ఉంది. మొన్నొక వానాకాలం నాన్నకి జ్వరం వచ్చింది, డెంగీ అని తేలింది. డెంగీలో జ్వరం దిగాక తగ్గిందనుకుని ఊరుకుంటాం చూడండి, చిక్కు వచ్చేది సరిగ్గా అక్కడే, కాబట్టి అక్కడా రోజులు లెక్కపెట్టడమే పని. హైదరాబాద్ నుంచి నేను బయల్దేరేలోపే వాళ్ళిద్దరూ ఆసుపత్రికి వెళ్ళిపోయారు, నేను వీడియో కాల్‌లో ఉన్నాను. ఎన్నో రోజు అని డాక్టర్‌గారు అడిగారు. నాన్న "మొన్ననేనండీ, రెండు రోజులు" అన్నారు. అమ్మ సంచిలోంచి పుస్తకం తీసి, కళ్ళజోడు పెట్టుకుని, వెనక పేజీ తిప్పి, "మంగళవారం సాయంత్రం ఏడున్నరకి 101, ఇవాళ్టికి నాలుగో రోజు" అని చదివింది.